లుస్త్రలో ఒక అవ్వ, ఒక తల్లి



అమెరికాలో మన కుటుంబాల లక్ష్యాలు దాదాపు ఒకేలా ఉంటాయి. గ్రీన్ కార్డు రావాలి, మంచి స్కూళ్లున్న చోట ఇల్లు కొనాలి, పిల్లల కాలేజీకి డబ్బు కూడబెట్టాలి. ఇవేవీ తప్పు కావు. కానీ 18 ఏళ్లకు ఇల్లు విడిచి కాలేజీకి వెళ్లే బిడ్డ ఏ విశ్వాసంతో వెళ్లాలన్నది ఆ జాబితాలో ఉందా?

తిమోతి ఇంటిని చూడండి. అతని ఊరు యెరూషలేము కాదు, అన్యుల పట్టణమైన లుస్త్ర. పౌలు బర్నబాలను దేవతలనుకొని బలి అర్పించబోయిన ఊరది (అపొ. కార్యములు 14). తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. అలాంటి చోట అతడు బాల్యం నుండే లేఖనాలు ఎరిగి పెరిగాడు. పౌలు ఇద్దరిని గుర్తుచేస్తాడు: అవ్వ లోయి, తల్లి యునీకే (2 తిమోతి 1:5).

మన ఇళ్లకూ లోయిలు వస్తారు. అమ్మమ్మో నాయనమ్మో విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉంటారు. వంట చేస్తారు, పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కిస్తారు. తెల్లవారుజామున మోకరించి అందరి కోసం పేరుపేరునా ప్రార్థిస్తారు. అయితే మనవడికి ఆమె తెలుగు అర్థం కాదు, ఆమెకు వాడి ఇంగ్లీషు అందదు. ఆ మధ్యలో కూర్చోవలసింది మనమే. "దేవుడు నిన్నెలా నడిపించాడో వీడికి చెప్పమ్మా" అని అడిగి, ఒక్కో మాటా వాడికి ఇంగ్లీషులో చెప్పండి. ఆమె తిరిగి వెళ్లినా ఆ సాక్ష్యం బిడ్డ దగ్గర ఉంటుంది.

తిమోతి తండ్రి విశ్వాసం గురించి వాక్యం ఏమీ చెప్పదు. తండ్రులారా, మన పిల్లల కథలో మన చోటు అలా ఖాళీగా మిగలకూడదు. వారానికి 168 గంటలు. సండే స్కూల్ అందులో ఒక గంట మాత్రమే. ఇంట కూర్చున్నా, దారిన నడిచినా, పడుకున్నా, లేచినా దేవుని మాటలు పిల్లలతో మాట్లాడమని ద్వితీయోపదేశకాండము 6:7 ఆజ్ఞాపిస్తోంది. మనకు దారి అంటే కారు ప్రయాణమే. స్కూలుకు దించే ఆ పది నిమిషాలు ఫోన్ పక్కనపెట్టి, ఆ రోజు పరీక్ష గురించి, బిడ్డ భయం గురించి కలిసి ప్రార్థించండి. ఆఫీసు మీటింగుకు క్యాలెండర్‌లో సమయం కేటాయించినట్టే రాత్రి కుటుంబ ప్రార్థనకూ కేటాయించండి. ఆటల టీములో పేరు నమోదు చేసే ముందే ఆదివారం ఆరాధన సంగతి నిర్ణయించుకోండి.

పరాయి దేశంలో లోయి ఇంటిని కాచిన దేవుడు మన ఇళ్లను కూడా కాచును గాక. ఆమేన్.