నిద్రించే బీజం, కాలిన బీజం

యోగసూత్రాల సాధనపాదంలో పతంజలి క్లేశాలకు నాలుగు అవస్థలు చెప్పాడు. వాటిలో మొదటిది ప్రసుప్తం. ఆ అవస్థలో రాగద్వేషాల వంటి క్లేశాలు మనసులో అణగి నిద్రపోతుంటాయి, విషయం ఎదురుపడగానే లేస్తాయి. నిద్రించే బీజం వేరు, జ్ఞానంతో కాలిపోయిన బీజం వేరు అని వ్యాసభాష్యం ఇక్కడే తేల్చి చెప్పింది.

ఆ ప్రసుప్తావస్థ కళ్లకు కట్టాలంటే మట్టిలో బతికే బాసిల్లస్ సబ్టిలిస్‌ను చూడాలి. ఆహారం కరువైతే ఈ బాక్టీరియా సిద్ధబీజంగా మారుతుంది. మారాలా వద్దా అన్న నిర్ణయం స్పో జీరో ఏ అనే ప్రొటీన్‌ది. ఫాస్ఫేటు ఒక ప్రొటీన్ నుంచి మరో ప్రొటీన్‌కు చేతులు మారుతూ దాన్ని చేరాలి. ఆ ఫాస్ఫేటును మధ్యలోనే ఊడబెరికే ఎంజైములూ ఉన్నాయి కాబట్టి తొందరపాటుకు తావు లేదు. ఆపైన కణం ఒక చిన్న గదిగా, ఒక పెద్ద గదిగా విడిపోతుంది. అడ్డుగోడ లేచేసరికి చిన్న గదిలో ఉండేది క్రోమోజోములో మూడో వంతే. మిగతాది గోడ గుండా లోపలికి తోయాలి. పెద్ద గది తల్లికణం, చిన్నది బిడ్డ. అది బిడ్డ చుట్టూ పొరమీద పొర కడుతుంది. అందుకోసం తన డీఎన్ఏలోంచి దాదాపు 48 వేల క్షారజతల ముక్కను కోసి పారేస్తుంది. ఆ కోతతోనే విడిపోయి ఉన్న సిగ్మా కె జన్యువు అతుక్కుని పనిలోకి దిగుతుంది. బిడ్డ డీఎన్ఏకు మాత్రం ఆ కోత పడదు. పని ముగిశాక తల్లికణం పగిలిపోతుంది.

ఈ త్యాగానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అయినా విచారం అక్కడ ఆగకూడదు. మిగిలిన సిద్ధబీజం ఎదగదు, తినదు, మరిగే నీటికీ చలించదు. చూస్తే సమాధిలో ఉన్నట్టే ఉంటుంది. కాస్త అలనీన్ తగిలితే చాలు, నిమిషాల్లో లేచి పాత ఆకలితోనే బతుకు మొదలుపెడుతుంది. దాన్ని చంపడానికి ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరి 15 నిమిషాలు పట్టిస్తారు.

మన మౌనవ్రతాలు, ఓర్పులు చాలావరకు ఇలాంటివే. పగ చల్లారిందనుకుంటాం, ఆ మనిషి పేరు వినబడేదాకా.

మరి కాలిన బీజం ఎలా ఉంటుంది? నేనుండే ఇంగ్లండులోని కోవెంట్రీలో 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ బాంబులకు సెయింట్ మైకేల్ కెథెడ్రల్ కాలిపోయింది. ఆ క్రిస్మస్ నాడే ఆ కెథెడ్రల్ ప్రధాన మతాధికారి (ప్రొవోస్ట్) రిచర్డ్ హోవర్డ్ శిథిలాల మధ్య నుంచి బీబీసీలో మాట్లాడుతూ పగతీర్చుకునే ఆలోచన విడిచిపెట్టమన్నాడు. యుద్ధం ఇంకా నడుస్తోంది, శత్రువు ఎదురుగానే ఉన్నాడు. నిద్రించే ద్వేషమైతే ఆ క్షణంలో మేల్కొని తీరాలి. అది మేల్కోలేదు. అందుకే దాన్ని కాలిన బీజమని నమ్ముతాను. బ్రిటిష్, అమెరికన్ బాంబులకు బూడిదైన జర్మన్ నగరం డ్రెస్డెన్‌తో కోవెంట్రీ 1959లో సోదర నగరంగా చేయి కలిపింది.