నేల, నీడ, పని



2015 జూలైలో దివంగత ఫ్రాన్సిస్ జగద్గురువులు బొలీవియా దేశం వెళ్లారు. శాంతాక్రూజ్ పట్టణంలో ఆయన మాటలు వినవచ్చినవారు బ్యాంకుల అధిపతులు కారు. చెత్త ఏరుకునేవారు, వీధి వర్తకులు, భూమిలేని సేద్యగాళ్లు. నేల, నీడ, పని పవిత్రమైన హక్కులని వారితో చెప్పారు.

ఈ మాట మన గోదావరి కౌలుదారునికి విడమరచి చెప్పాలా? వరద ముంచినా మక్తా బస్తాలు కొలవవలసిందే. 2019 చట్టం అతనికి సాగుదారు కార్డు ఇస్తానంది, కాని భూయజమాని సంతకం అడిగింది. సంతకానికి వెనుకాడినవారిలో ఆదివారం పూజలో ముందు వరుసలో నిలిచేవారు లేరా? కటువుగా ఉంటే మన్నించండి. కోతలయ్యాక పీఠం చెంతకు వడ్లబస్తా కానుకగా తెస్తాము, మంచిదే. ఆ వడ్లు పండించినవాడు కాగితం పట్టుకొని మన అరుగు మీద ఎన్నాళ్లు కూర్చున్నాడు?