పాయింటు ఎవరిది?

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పిన్నమ్మ కొడుకు నాకో పని అప్పజెప్పాడు. మాది ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో ఒక పల్లె. వాడు ఊరి జట్టులో కబడ్డీ ఆడతాడు. సెలెక్షన్ ట్రయల్స్‌కి పిలవాలంటే ముందు మూడు నిమిషాల వీడియో పంపమన్నారట. ఎవరెవరో ఫోన్లో తీసిన పదకొండు మ్యాచ్‌లు నాకు పంపి, "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేరు గదా, కట్ చేసి పెట్టు" అన్నాడు. సాఫ్ట్‌వేర్ అంటే ప్రింటర్ రిపేరు నుంచి పెళ్లి వీడియో దాకా అన్నీ వచ్చుండాలని మావాళ్ల నమ్మకం. సరే అని కూర్చున్నాను.

రెండు రాత్రులు చూశాక తెలిసింది, చిక్కు ఎడిటింగ్‌లో లేదని. మావాడు కవర్‌లో ఆడతాడు. అవతలివాడు కూతకొస్తాడు. మూలనున్న కార్నర్ ఆటగాడు చీలమండ పట్టుకుంటాడు. ఆ పట్టు నిలిచేది ఒక్క క్షణం. ఆ క్షణంలో మావాడు ఉరికి నడుం చుట్టేస్తాడు, లేదంటే గీత వైపు దూకే దారికి అడ్డంగా నిలబడతాడు. అప్పుడే కూతకొచ్చినవాడు పడతాడు. పాయింటు మాత్రం కార్నర్ ఖాతాలోకి పోతుంది. జనం అరిచేదీ అతని పేరే. మావాడు లేచి, మోచేతి మట్టి దులుపుకుని, తన చోటికెళ్లి నిలబడతాడు. రైడర్లందరూ అవుటై బయట కూర్చున్నప్పుడు ఎప్పుడైనా తనూ కూతకు పోతాడు. పదకొండు మ్యాచ్‌లలో అలాంటివి ఓ పది. వాటిలో నాలుగైదు చూడ్డానికి భలే ఉన్నాయి.

ఆ నాలుగైదు పేరిస్తే మంచి వీడియో అవుతుంది. కానీ అందులో ఉండేది మావాడి ఆట కాదు. వాడి ఆట పెడితే, చూసేవాళ్లు కార్నర్ వాణ్ణి పిలుస్తారు. మూడు నిమిషాల్లో ఏం పెట్టాలి?

కొన్నేళ్ల కిందట ఆఫీసు పనిమీద అమెరికాలో ఉన్నప్పుడు టీమ్‌మేట్ల పుణ్యమా అని అక్కడి ఫుట్‌బాల్ కొంచెం ఒంటబట్టింది. అందులో టైట్ ఎండ్ అని ఒక స్థానం ఉంది. ఆ స్థానంలో ఆడేవాడికి రెండు ఉద్యోగాలు. ఒకటి, పరిగెత్తి బంతి అందుకోవడం. రెండోది, బంతి పట్టుకున్న ఇంకొకడు పరిగెత్తడానికి ఎదుటివాళ్లని ఒంటితో తోసి దారి చేయడం. మొదటిదానికి లెక్కలుంటాయి: ఎన్ని బంతులు, ఎన్ని గజాలు. రెండోది సరిగ్గా చేస్తే గజాలు ఇంకొకడి పేరున పడతాయి.

ఏటా ఏప్రిల్‌లో అక్కడ డ్రాఫ్ట్ జరుగుతుంది. 32 జట్లు, ఏడు రౌండ్లు. కాలేజీ ఆటగాళ్లని వరసగా ఎంచుకుంటాయి. దానికి ముందు ఇండియానాపొలిస్‌లో వాళ్లకి రకరకాల కొలతలు తీస్తారు: నలభై గజాల పరుగు, ఎగిరే ఎత్తు, ఎత్తే బరువు. 2017లో మొదటి రౌండ్లోనే ముగ్గురు టైట్ ఎండ్‌లు వెళ్లారు. ఓజే హోవర్డ్ 19వ స్థానంలో, ఎవాన్ ఎంగ్రమ్ 23లో, డేవిడ్ ఎన్‌జోకు 29లో. అయోవా కాలేజీ నుంచి వచ్చిన జార్జ్ కిటిల్‌ని ఐదో రౌండ్లో, 146వ ఆటగాడిగా శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకుంది. మరుసటి ఏడాదే అతను 1,377 గజాలు సాధించాడు. ఒక సీజన్లో ఏ టైట్ ఎండ్ అయినా చేసినవాటిలో అప్పటికి అదే రికార్డు.

ఇలాంటి కథ వినగానే మనం ఠక్కున చెప్పే నీతి ఒకటుంది: మనిషిని అంకెలతో కొలవకూడదు, కంటితో చూడాలి అని. కిటిల్ విషయంలో అది చెల్లదు. అతని నలభై గజాల పరుగు 4.52 సెకన్లు, అంత శరీరానికి అది చాలా వేగం. కొలత నిజమే చెప్పింది. తప్పింది కన్నే అని నాకనిపిస్తుంది. పరుగు మీద ఆధారపడే జట్టులో అతను ఎక్కువగా దారి చేసే పనిలో ఉన్నాడు. కాలేజీ మొత్తంలో పట్టిన బంతులు యాభై దాటలేదు. ఆ దారి చేయడమంతా వీడియోల్లోనే ఉంది, దాచిందేమీ లేదు. కానీ చూసే కన్ను బంతి వెనకే పోతుంది. ఊళ్లో జనం కార్నర్ పేరు అరిచినట్టే.

అక్కడిదాకా బాగానే ఉంది, నేను న్యాయం పక్షానే ఉన్నాననిపించింది. తర్వాత 2019 గుర్తొచ్చింది.

ఆ ఏడాది ఏప్రిల్ 15న ప్రపంచకప్ జట్టును ప్రకటించారు. అంబటి రాయుడు లేడు, విజయ్ శంకర్ ఉన్నాడు. చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ చెప్పిన కారణం: శంకర్ బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేస్తాడు, మూడు కోణాలున్నవాడు. రాయుడు ప్రపంచకప్ చూడ్డానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డర్ చేశానని ట్వీట్ పెట్టాడు. ఎంచినాయనదీ గుంటూరే, మిగిలిపోయినాయనదీ గుంటూరే. మా ఆఫీసు తెలుగు గ్రూపులో వారం రోజులు ఆ కళ్లద్దాల జోకులే. నేనూ ఓ మూడు ఫార్వర్డ్ చేశాను.

ఇప్పుడు ఆలోచిస్తే ప్రసాద్ చెప్పిన కారణం, మావాడి తరఫున నేను అడుగుతున్నది, దాదాపు ఒకటే. ఒక పని మాత్రమే చూడకండి, మిగతా పనుల్నీ లెక్కలోకి తీసుకోండి అని. అప్పుడు దాన్ని చూసి నవ్వినవాణ్ణి ఇప్పుడు అదే అడుగుతున్నాను. రాయుడు 55 వన్డేల్లో 47 సగటున్న బ్యాట్స్‌మన్. అతని బాధ అబద్ధం కాదు. శంకర్ పాకిస్తాన్ మీద ప్రపంచకప్‌లో తాను వేసిన మొదటి బంతికే వికెట్ తీశాడు. ఆరోజు నిర్ణయం గొప్పగా కనిపించింది. తర్వాత కాలి వేలికి దెబ్బ తగిలి ఇంటికొచ్చాడు. నిర్ణయం చెత్తగా కనిపించింది. ఏప్రిల్లో తీసుకున్న నిర్ణయం మాత్రం రెండు రోజులూ ఒక్కటే. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తాత్వికులు దీనికి నైతిక అదృష్టం అని పేరు పెట్టి చర్చించారు. మనిషి చేతిలో లేని ఫలితాన్ని బట్టి అతని నిర్ణయాన్ని మెచ్చుకోవడమో తిట్టడమో చేస్తాం, అది న్యాయమేనా అని.

అయితే ఎంచేవాళ్లని ఇక ఏమీ అనకూడదా? అనాలి, కానీ ఫలితం గురించి కాదు. ఏం చూశారు, ఎక్కడ చూడలేదు, చూడనిదాని గురించి ఎంత గట్టిగా మాట్లాడారు అని అడగాలి. జట్టులో చోట్లు తక్కువ, ఎవరో ఒకరు మిగిలిపోవాల్సిందే. "ఈ చోటికి ఇతను కాదు" అనడం నిర్ణయం. "ఇతను తక్కువవాడు" అనడం తీర్పు. ప్రసాద్ ఆ రెండోమాట అనలేదు. మూడు అన్న అంకె వినగానే, రాయుడికి ఒకటేనని మనమే లెక్క కట్టుకున్నాం.

ఈ మాటలన్నీ మా మేనమామతో అంటే ఆయన తెలుగు టైటాన్స్ దగ్గర మొదలుపెట్టాడు. 2023 వేలంలో టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. ప్రో కబడ్డీలో అప్పటికి అంత ధర ఎవరికీ పలకలేదు. ఆ సీజన్లో టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి రెండు గెలిచారు. మామ అన్నాడు: "ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తారబ్బయా, మూపురం చూస్తారు. కానీ జతకు కాడి కట్టి రెండు సాళ్లు దున్నిస్తే గదా సంగతి తెలిసేది. ఒక్క ఎద్దును చూసి సేద్యం ఎట్టా ఉంటదో చెప్పమంటే ఎట్టా?"

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. కారణం ఆట కాదు.

ఏడాదిన్నర కిందట క్యాంపస్ ఇంటర్వ్యూలకి వెళ్లాను. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. ఒక చిన్న ఊరి కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయి తన ప్రాజెక్టు చెబుతూ ప్రతి వాక్యమూ "మేము" అనే మొదలుపెట్టింది. మేము డేటాబేస్ మార్చాం, మేము తప్పు పట్టుకున్నాం. "అందులో మీరు చేసిందేంటి?" అని రెండుసార్లు అడిగాను. రెండోసారి కూడా పక్కవాళ్ల పేర్లు కలిపే చెప్పింది. ఫారంలో "సొంత పాత్ర స్పష్టంగా లేదు" అని రాశాను. ఆమెని తీసుకోలేదు. తీసుకున్న కుర్రాడు ప్రతి వాక్యమూ "నేను" అని మొదలుపెట్టాడు. అతను మంచి ఉద్యోగే, అందులో వంకేమీ లేదు. ఆ అమ్మాయి ఎలాంటి ఉద్యోగి అయ్యేదో మాత్రం నాకు ఎప్పటికీ తెలియదు. తీసుకోనివాళ్ల విషయంలో మనం తప్పామని చూపించే సాక్ష్యం మన దగ్గరికి రాదు. అందుకే ఎంచేవాళ్లకి తమ చూపు మీద నమ్మకం ఏటేటా పెరుగుతూనే ఉంటుంది, నాకు పెరిగినట్టే.

నేను రాసినది "ఇరవై నిమిషాల్లో నాకు కనిపించలేదు" అని అయుంటే నిజమయ్యేది. "స్పష్టంగా లేదు" అని నా చూపులోని లోటుని ఆమె లోటుగా రాశాను. నా ఫారంలో పాయింటు ఒక్కరి ఖాతాలోకే పోతుంది.

చివరికి మావాడికి రెండు వీడియోలు చేశాను. ఒకదాంట్లో కూతలు. రెండోదాంట్లో పట్లు, ప్రతి పట్టు దగ్గరా ఒక్క క్షణం ఆపి, వాడి చుట్టూ పసుపు రంగు వలయం గీశాను. చూసి నవ్వాడు. "బాగుందన్నా. కానీ ఇది చూసినోడు, ఆ కార్నర్ పిల్లోడు ఎవడని అడగతాడు" అన్నాడు. కూతల వీడియో పంపాడు. వాణ్ణి తప్పు పట్టలేను. చూసేవాళ్లు ఏం చూస్తారో వాడికి తెలుసు, నేను ఫారంలో ఏం రాస్తానో తెలిసి "నేను" అన్న కుర్రాడిలాగే.

ఈ ఏడాది మళ్లీ ఇంటర్వ్యూలకి వెళ్తున్నాను. "మేము" అన్నవాళ్లని ఒక ప్రశ్న అడుగుదామనుకుంటున్నాను: ఆ రోజు మీరు రాకపోయుంటే ఏ పని ఆగిపోయేది? జవాబు చెప్పడానికి ఇరవై నిమిషాలు సరిపోకపోతే, ఇంకో పది నిమిషాలు అడిగి తీసుకుంటాను. పసుపు వలయం గీసిన వీడియో నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది.