జంతువు ఫొటో దిగదు



మన భాషలో ఒక చక్కని తేడా ఉంది. కెమెరా పట్టుకొన్నవాడు ఫొటో తీస్తాడు. ఎదురుగా నిలబడినవాడు ఫొటో దిగుతాడు. పెళ్లిలో బంధువులందరూ వేదిక ఎక్కి ఫొటో దిగుతారు. మొదటిసారి దివ్యసత్ప్రసాదం స్వీకరించిన పిల్లలు తెల్లని దుస్తులతో గుడి మెట్ల మీద గురువుగారి చుట్టూ నిలబడి ఫొటో దిగుతారు. పైట సవరించుకోవడం, జుట్టు దువ్వుకోవడం, చంటిపిల్ల మొహం తుడవడం ఇవన్నీ దిగేవారు చేసే పనులు. అంటే దిగడంలో ఒక సమ్మతి ఉన్నది. ఇక జంతు ప్రదర్శనశాలకు వెళ్లి మీరు పులిని ఫొటో తీశారనుకోండి. మరి, పులి ఫొటో దిగిందా?

మధురవాడ పరిసరాలలో నివసించేవారికి ఈ ప్రశ్న ఎంతో దూరంలో లేదు. మధురవాడలో బస్సెక్కి జాతీయ రహదారి మీద నగరం వైపు వస్తే, క్రికెట్ స్టేడియం, ఎండాడ దాటిన తరువాత ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల వస్తుంది. 1977 మే 19న ప్రజలకోసం తెరిచిన ఈ జూ కంబాలకొండ అడవిని ఆనుకొని 625 ఎకరాలలో విస్తరించి ఉంది. మూడు వైపుల తూర్పు కనుమల కొండలు, నాలుగవ వైపు సముద్రం. ఆదివారం పూజ ముగించుకొని, పులిహోర డబ్బాలు సర్దుకొని, పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఒకప్పుడు కెమెరా ఉన్న ఇల్లే అరుదు. ఉన్నవారు కూడా రీలులోని 36 ఫొటోలను బియ్యం గింజల్లా లెక్కపెట్టుకొని వాడేవారు. నేడు ప్రతి జేబులోను ఫోను ఉంది. గంటలో మూడువందల ఫొటోలు తీయవచ్చు. కాని, వాటిలో జంతువును నిజంగా చూసి తీసినవి ఎన్ని?

మీ అబ్బాయో, అమ్మాయో జంతువులను ఫొటో తీయడం నేర్చుకోవాలని ముచ్చటపడితే ఆనందంగా ప్రోత్సహించండి. అది ఓర్పును నేర్పే విద్య. మిట్టమధ్యాహ్నం వెళితే పులి నీడలో పడుకొని ఉంటుంది, సింహం ఆవులిస్తుంది, ఎండ నడినెత్తిన ఉండి కళ్లు చీకటి గుంటల్లా పడతాయి. అందుచేత గేటు తెరిచిన వెంటనే వెళ్లాలి. అప్పుడు ఎండ ఏటవాలుగా పడుతుంది, జంతువులు తిరుగుతూ ఉంటాయి. నిలబడి పైనుంచి తీయకుండా, వంగియో, మోకాళ్లమీద కూర్చొనియో జంతువు కంటి ఎత్తుకు రావాలి. ఫోకస్ కంటిమీద ఉండాలి. కన్ను స్పష్టంగా ఉంటే తోక కాస్త మసకబారినా ఫొటో నిలుస్తుంది. ఫ్లాష్ వాడరాదు. చాలా జంతువులకు కంటి వెనుక ఒక పొర ఉండి వెలుతురును తిప్పి పంపుతుంది. రాత్రిపూట పిల్లి కళ్లు మెరిసేది అందుకే. ఫ్లాష్ వేస్తే ఫొటోలో కళ్లకు బదులు రెండు దీపాలు కనబడతాయి. జంతువు ఉలిక్కిపడటం వేరే సంగతి.

ఇవన్నీ నేర్చుకొన్న తరువాత మరొక కిటుకు నేర్పుతారు. అదే ఇనుప జాలీని మాయం చేయడం. అడ్డుకంచె దాటకుండా జాలీకి వీలైనంత దగ్గరగా నిలబడాలి. ఎండ పడి మెరిసే చోటు వదలి, నీడ పడిన జాలీ వెదకాలి. లెన్సును బాగా దగ్గరకు లాగి, ఎపర్చరును పెద్దగా తెరవాలి. జంతువు జాలీకి దూరంగా, ఆవరణ లోపలివైపుకు నడిచేదాకా వేచి ఉండాలి. అప్పుడు దగ్గరి తీగలు పొగలా కరిగిపోతాయి. పచ్చని ఆకుల మధ్య పులి ఒక్కటే మిగులుతుంది. చూసినవారు "ఏ అడవిలో తీశారండీ?" అని అడుగుతారు. తీసినవారికి ఇంతకన్నా పెద్ద పొగడ్త లేదు.

ఇక్కడే మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఈ విద్యలో రెండు నైతిక ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. మొదటిది, కాదనలేని ప్రాణిని మనం ఎంతవరకు అడగవచ్చు? రెండవది, ఆ జాలీని దాచడం అబద్ధమా?

మొదటిదాన్ని చూద్దాం. పడుకొన్న జంతువు మంచి ఫొటో ఇవ్వదు. కాబట్టి కొందరు ఈల వేస్తారు, చప్పట్లు చరుస్తారు, జాలీని కర్రతో గీస్తారు, వేరుశనగకాయలు విసురుతారు. "ఒక్కసారి ఇటు చూస్తే చాలు గదా, దానికేం పోయింది?" అంటారు. జంతువుకు ఫొటో అంటే ఏమిటో తెలియదు, నిజమే. కాని అరుపు తెలుసు, అదురు తెలుసు. మనం ఒక్కసారే అరిచామని మనకు తెలుసుగాని, దానికి మన ముందు వంద మంది, మన వెనుక వంద మంది ఉన్నారు. మన చట్టం కూడా ఈ సంగతి గుర్తించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 1991లో చేర్చిన 38-జె సెక్షన్ ప్రకారం జూలో జంతువును ఏడిపించడం, గాయపరచడం, తిండి పెట్టడం, శబ్దంతో కలవరపెట్టడం నేరం.

అయితే చట్టానికి భయపడి ఊరుకోవడం వేరు, మనసు మారి ఊరుకోవడం వేరు. యోబు గ్రంథము చివరి అధ్యాయాలు ఒకసారి తీసి చదవండి. తన బాధలకు కారణం చెప్పమని యోబు నిలదీస్తే, దేవుడు కొండమేకలను, అడవిగాడిదను, నిప్పుకోడిని, డేగను ఒక్కొక్కటిగా అతని కళ్లముందుకు తెస్తాడు. వాటిలో చాలావాటికి మనిషితో పని లేదు. అవి మనిషి చూడని చోట ఈని, మేసి, ఎగిరి బ్రతుకుతాయి. మనం చూడకపోయినా వాటి బ్రతుకు బ్రతుకే. ఈ మాట గుర్తుంటే, పులి మనవైపు తిరగకపోయినప్పుడు అది మనకేదో బాకీ పడినట్లు అనిపించదు. టిక్కెట్టుతో మనం కొన్నది లోపలికి వెళ్లే హక్కు మాత్రమే. పులి చూపు ఆ లెక్కలో లేదు. అది తనంతట తాను తల ఎత్తి చూచిన ఆ ఒక్క క్షణం కోసం గంటసేపు కూర్చొన్నవాడికి మాత్రమే ఆ చూపు విలువ తెలుస్తుంది.

ఇక రెండవ ప్రశ్న. జాలీ మాయమైన ఫొటో అబద్ధమా? ఆస్ట్రేలియాకు చెందిన టాస్మేనియా దీవిలో థైలసీన్ అనే జంతువు ఉండేది. వీపుమీద చారలుండి, కంగారువలె సంచిలో పిల్లలను పెంచే వేటజంతువు అది. మనకు తెలిసినంతలో చివరిది 1936 సెప్టెంబరు 7న హోబర్ట్ నగరంలోని జూలో చనిపోయింది. అదే జూలో 1933లో ఒక థైలసీన్‌ను తీసిన చిన్న చలనచిత్రం నేటికీ ఉంది. అందులో ఆ జంతువు అటూ ఇటూ తిరుగుతుంది, నోరు బార్లా తెరిచి ఆవులిస్తుంది. దాని చుట్టూ తీగల కంచె స్పష్టంగా కనబడుతుంది. ఆ కంచె ఆ చిత్రానికి మచ్చ అని ఎవరైనా అనగలరా? ఒక జాతి చివరి దినాలు ఎక్కడ, ఎట్లా గడిచాయో ఆ తీగలే సాక్ష్యం చెబుతున్నాయి.

అలాగని జాలీని దాచిన ప్రతి ఫొటోను తప్పుపట్టనక్కర లేదు. జాలీ అడ్డుండగా కనబడని కంటిని, మీసాన్ని, గాయపు మచ్చను దగ్గరగా చూపించడం కూడా సత్యమే. పైగా జూ అంటే జాలీ ఒక్కటే కాదు. మన విశాఖ జూ అంతరించిపోతున్న రేచుకుక్కలను పెంచి, వాటి సంతతిని వృద్ధి చేసే పని చేస్తున్నది. కనుక తప్పు లెన్సులో లేదు, మన నోటిలో ఉంది. "ఏ అడవిలో తీశారు?" అని అడిగినప్పుడు ఊరకే నవ్వి ఊరుకొంటే, ఆ మౌనం అబద్ధమవుతుంది. "మన జూలోనండీ, జాలీ పక్కన నిలబడి తీశాను" అంటే అదే ఫొటో నిజమవుతుంది. చెప్పినందువల్ల ఫొటో అందం తగ్గదు. దాన్ని చూసే పిల్లవాడికి మాత్రం, ఆ పులి ఎక్కడ ఉంటున్నదో, ఎందుకు ఉంటున్నదో అడగాలన్న ఆలోచన పుడుతుంది.

ఇంకొక సంగతి కూడా మన జూ పక్కనే ఉంది. సర్కసులలో ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ఆటలాడించడాన్ని 1998లో కేంద్రప్రభుత్వం నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అట్లా విడుదలైన సింహాలకు, పులులకు దేశంలో కొన్నిచోట్ల పునరావాస కేంద్రాలు నెలకొల్పారు. వాటిలో ఒకటి విశాఖ జూ చెంత ఏర్పడింది. ఇటువంటి కేంద్రాలలోకి సందర్శకులను రానివ్వరు. ఆలోచించండి. ఊరూరా డేరాల కింద, దీపాల వెలుగులో, వేలమంది చూపుల మధ్య బ్రతుకు వెళ్లదీసిన ప్రాణులకు చివరికి ఇచ్చిన ఊరట, ఎవరి కంటా పడకుండా ఉండటమే. కనబడకుండా ఉండటం కూడా ఒక మేలేనని మనకు అక్కడ తెలుస్తుంది.

ఈ పాఠం జూ గేటు దగ్గర ఆగిపోదు. తుపాను వచ్చినప్పుడు మనం బియ్యం, దుప్పట్లు పంచుతాం. మంచి పని. కాని మూట అందుకొంటున్న ముసలమ్మను "ఇటు చూడమ్మా, మూట కొంచెం పైకెత్తు" అని ఎన్నిసార్లు అన్నాం? ఆమెకు మనసులో ఇష్టం లేకపోయినా, చేతిలో మూట ఉండగా కాదనగలదా? ఆమె మనిషి, నోరున్న మనిషి. అయినా ఆ క్షణాన ఆ నోరు మనం మూసినట్లే. అడగలేని ప్రాణి ముందు ఓర్పుగా నిలబడటం నేర్చుకొన్నవాడు, అడగగల మనిషిని అడగకుండా ఫొటో తీయడు. "అమ్మా, ఫొటో దిగుతారా?" అని అడుగుతాడు. వద్దంటే కెమెరా దించి, మూట మాత్రం అందిస్తాడు.

అందుచేత తల్లిదండ్రులారా, ఈసారి పిల్లలను జూకు తీసుకువెళ్లినప్పుడు ఒక చిన్న నియమం పెట్టండి. మొదటి పది నిమిషాలు ఫోను సంచిలోనే ఉండాలి. ఆ పది నిమిషాలలో జంతువు ఎటు నడుస్తున్నదో, ఏ చెవి కదుపుతున్నదో, ఏ మూల ఇష్టపడుతున్నదో పిల్లలు చూసి మీకు చెప్పాలి. తరువాత ఒక్కొక్కరు ఒకే ఒక్క ఫొటో తీయాలి. ఇంటికి వచ్చాక దానిని కాగితం మీద వేయించి, అడుగున మీ పిల్లల చేతనే వ్రాయించండి: ఏ జంతువు, ఏ తేదీ, ఎంతసేపు ఎదురుచూశారు. ఆ పక్కనే, ఎక్కడ అనే చోట, "విశాఖ జూ, జాలీ ఇవతలి నుంచి" అని.