వైద్యానికీ ఒక సంకల్పం

లండన్‌లో నలభై ఏళ్లు బస్సు నడిపి, రిటైరయ్యాక థాయ్‌లాండ్‌లో స్థిరపడిన ఒక బ్రిటిష్ పెద్దాయనను ఊహించుకోండి. కూతుర్ని చూద్దామని వచ్చి, పనిలో పనిగా మోకాలి ఆపరేషన్ కూడా చేయించుకుంటానంటే, ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్ఎస్ నడిపే ఆసుపత్రి మామూలు ధరకు ఒకటిన్నర రెట్లు, అదీ ముందే కట్టమంటుంది. ఆయన బావమరిది జన్మంతా ఆస్ట్రేలియాలో గడిపాడు. బ్రిటన్‌కు పన్ను కట్టి ఎరగడు. అయినా పౌరుడే. అక్కడ ఇల్లమ్ముకుని, ఇక ఇక్కడే ఉంటానని హీత్రోలో దిగితే ఆ రోజు నుంచే వైద్యం ఉచితం.

బస్సు డ్రైవరుకు కడుపు మండదా మరి? నెలనెలా జీతంలోంచి ‘నేషనల్ ఇన్సూరెన్స్’ కోసుకున్నారు కదా! ఆ పేరే పెద్ద మాయ. ఎన్‌హెచ్ఎస్‌కు సింహభాగం డబ్బు సాధారణ పన్నుల నుంచే వస్తుంది. చందా కట్టినంత మాత్రాన వైద్యం మీద హక్కు రాదు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీల గొడవా ఇదే. పొద్దున్నే వచ్చినవాడికీ, పొద్దుగూకే వేళ వచ్చినవాడికీ యజమాని ఒకే దేనారం చేతిలో పెట్టాడు. ఎండలో మాడినవాళ్లు గొణిగారు. ఆ గొణుగుడు అత్యాశ కాదు, న్యాయం గురించి మనిషికున్న మొదటి లెక్క అది. అయితే జబ్బు ఆ లెక్క చూసుకుని రాదు.

1948 జులై 5న ఎన్‌హెచ్ఎస్‌ను ప్రారంభించిన మంత్రి అన్యూరిన్ బెవాన్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఆయన పుట్టిన ట్రెడెగార్‌లో గని కార్మికులు కూలీలోంచి కొంత తీసి వైద్య సంఘం నడుపుకునేవాళ్లు. చందాల ఊళ్లో పెరిగిన మనిషి దేశానికి మాత్రం చందా అడగని వైద్యం పెట్టాడు.

కట్టిన డబ్బు కొలత కాకపోతే మరేది? 1982 డిసెంబరులో షా కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన తీర్పే నేటికీ ఆధారం. అసలది విద్యార్థుల గ్రాంట్ల తగాదా. మనిషి తన ఇష్టంతో, స్థిరమైన ఉద్దేశంతో, ప్రస్తుతానికి ఎక్కడ బతుకుతున్నాడో అదే అతని నివాసమన్నారు న్యాయమూర్తి లార్డ్ స్కార్మన్. మన పూజల్లో సంకల్పం అడిగేదీ దాదాపు ఇదే కదా: ఎక్కడున్నావు, ఏం తలపెట్టావు? అమెరికా గుళ్లలో మన పురోహితులు జంబూద్వీపం తీసేసి క్రౌంచద్వీపం అని చెప్పేదీ అందుకే. కాకపోతే దేవుడు మాట నమ్ముతాడు, ఆసుపత్రి గుమాస్తా ఇంటి అద్దె ఒప్పందం చూపమంటాడు.

అమెరికాది కర్మఫలం లెక్క. అక్కడ ముఖ్యంగా వృద్ధులకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో ఆసుపత్రి ఖర్చులు భరించే భాగం ప్రీమియం లేకుండా రావాలంటే, భార్య లేదా భర్త ఉద్యోగం లెక్కలోకి రానివాళ్లు 40 త్రైమాసికాలు, అంటే పదేళ్లు, పన్ను కట్టి ఉండాలి. అలా సంపాదించిన హక్కు కూడా విశాఖకు తిరిగొచ్చిన తెలుగు దంపతులకు ఇక్కడ సాధారణంగా పనికిరాదు. సరిహద్దు దాటితే మెడికేర్ బిల్లు కట్టదు.

రెండింట్లో బ్రిటన్ పద్ధతే మేలు. బస్సు డ్రైవరుకూ తలుపు మూయలేదది. థాయ్‌లాండ్ ఇల్లు ఖాళీ చేసి లండన్‌లో కాపురం పెడితే, బావమరిదిలాగే ఆయనకూ ఆ రోజు నుంచే ఆపరేషన్ ఉచితం. వరుసలో నెలల తరబడి ఆగాలి, అంతే.