పూర్తి ధర, న్యాయమైన ధర

అమ్మేవాడు చెప్పిన ధర యావత్తూ చెల్లించటం కొనేవాడి నైతిక బాధ్యతా కాదా అన్న ప్రశ్న మన విమర్శకులకు చిన్నదిగా కనిపించవచ్చు. ఆ వస్తువు వీడియో గేము అయినప్పుడు, ఇది మన పత్రికలో చర్చించదగిన విషయమేనా అని పెద్దలు ముఖం చిట్లించినా ఆశ్చర్యం లేదు. కాని కరీంనగర్‌లో నేను పాఠం చెప్పే విద్యార్థుల్లో నవల చదివేవారి కంటే గేము ఆడేవారే ఎక్కువ. నేనూ ఆడతాను. కథ, చిత్రలేఖనం, సంగీతం, గణితం కలిసి పుట్టిన ఈ కళారూపం వెనక వందలాది మంది జీతగాళ్ల శ్రమ వున్నది. శ్రమకూ ధరకూ గల సంబంధం మన చర్చకు పరాయిదెట్లా అవుతుంది?

2020లో ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు సోనీ కంపెనీ తన పెద్ద గేములకు మన దేశంలో నిర్ణయించిన ధర 4,999 రూపాయలు. అమెరికాలో 70 డాలర్లు. అక్కడి ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు కాబట్టి అది సుమారు పది గంటల కూలి. తెలంగాణలో 2024-25లో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఆ లెక్కన ఒక్క గేము దాదాపు పదిహేడు రోజుల కూలి. ఒకే ఆట, ఒకే ఆనందం. చెల్లించవలసిన జీవితకాలం మాత్రం ఒకటి కాదు.

ఈ విషయం మీద మా కాలేజీలో ఇద్దరు విద్యార్థులు వాదులాడుకున్నారు. "ఆర్నెల్లు ఆగితె సగం ధరకే వస్తది గద సార్, ఇప్పుడే కొనుడు ఎందుకు?" అని ఒకడు. "చేసినోళ్ల కష్టం తినుడు గాదా అది?" అని రెండోవాడు. రెండోవాడిది నిర్మల్ ప్రాంతం. ఇప్పుడది వేరే జిల్లా గాని, 2016 దాకా ఆదిలాబాదులోదే. అతని నీతి ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించటం కష్టం కాదు.

నిర్మల్ బొమ్మ సంగతి చూడండి. తేలికైన పొనికి కర్రను ముక్కలుగా చెక్కుతారు. ఆ ముక్కలను అతికించి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో సందులు పూడ్చి, నునుపు చేసి, రంగులు వేస్తారు. మొదటి బొమ్మకు ఎంత శ్రమో నూరో బొమ్మకూ ఇంచుమించు అంతే శ్రమ. 2009లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, ఆ గుర్తింపు చెక్కేవాడి చేతిలోని పనిని తగ్గించలేదు. అక్కడ వంద రూపాయలు బేరమాడి తగ్గిస్తే ఆ వంద నేరుగా కూలిలోంచి పోతుంది. హైదరాబాదు నుంచి కారులో వచ్చి అక్కడ గీచి గీచి బేరమాడే పెద్దమనిషి, మాల్‌లో అచ్చువేసిన ధరను నోరెత్తకుండా చెల్లిస్తాడు. దీన్ని నీతి అనటానికి నాకు నోరు రాదు.

అయితే ఈ నీతిని గేముకు ఉన్నపళంగా అన్వయించవచ్చునా? గేము మొదటి ప్రతికి కోట్లు ఖర్చవుతాయి. రెండో ప్రతికీ, పది లక్షల ప్రతికీ పట్టే శ్రమ సున్నాకు దగ్గర. సరుకు విలువను నిర్ణయించేది దాన్ని మళ్లీ తయారు చెయ్యటానికి సమాజానికి అవసరమయ్యే శ్రమకాలం అన్న మార్క్స్ సూత్రాన్ని ఇక్కడ పెట్టి చూస్తే, 4,999లో చాలా భాగం విలువ కాదు. కాపీ హక్కు అనే చట్టపు కంచె మీద వసూలు చేసే కౌలు. ఆ ధర ఒక నిచ్చెనలో పైమెట్టు మాత్రమే. ఆగలేనివాడి దగ్గర మొదట పూర్తిగా, ఆగగలిగినవాడి దగ్గర తరవాత సగం వసూలు చెయ్యాలన్న పథకం అమ్మేవాడిదే. కాబట్టి ఆగినవాడు ఎవరి కష్టమూ తిన్నట్టు కాదు.

"అందరూ ఆగితే?" అని రెండోవాడు అడగనే అడిగాడు. మంచి ప్రశ్న. మొదటి రోజు కొనేవాళ్ల డబ్బుతోనే తయారీ ఖర్చు తిరిగి వస్తుంది, నిజమే. అందుకే స్తోమత కలవాడు ఆ భారం మొయ్యటం న్యాయం. నెల జీతం వచ్చే నాలాంటివాడికీ, హాస్టల్ విద్యార్థికీ ఒకే బాధ్యత అంటగట్టటమే అన్యాయం. కాని భారం మోస్తే అది ఎవరికి చేరుతుందన్నది కూడా అడగవద్దా?

స్టీమ్ దుకాణం మామూలుగా ప్రతి అమ్మకంలో 30 శాతం తీసుకుంటుంది. 2018లో ఆ వాటాను తగ్గించింది, ఎవరికి? ఒక గేము ఆదాయం కోటి డాలర్లు దాటితే ఆపై అమ్మకాలకు 25 శాతం, అయిదు కోట్లు దాటితే 20 శాతం. చిన్న పనివాడు మాత్రం 30 కట్టవలసిందే. ఇక పెద్ద కంపెనీల సంగతి. మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను సుమారు 6,900 కోట్ల డాలర్లకు కొన్నది. 2024 జనవరిలో తన గేముల విభాగంలో 1,900 మందిని తీసేసింది. అందరూ మెచ్చుకున్న "హై-ఫై రష్" తయారు చేసిన టాంగో స్టూడియోను అదే ఏడు మే నెలలో మూసేస్తున్నట్టు ప్రకటించింది. (తరవాత కొరియా కంపెనీ క్రాఫ్టన్ దాన్ని తీసుకున్నది.) ఆ గేముకు పూర్తి ధర చెల్లించినవారి సద్బుద్ధి ఆ ఉద్యోగాలను కాపాడలేకపోయింది. హైదరాబాదులోనూ స్టూడియో వున్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను 5,500 కోట్ల డాలర్లకు అమ్మే ఒప్పందం 2025 సెప్టెంబరులో ప్రకటించారు. అందులో 2,000 కోట్లు అప్పు. ఆ అప్పు ఎవరి శ్రమలోంచి తీరాలి? అమెరికాలో గేములకు గొంతూ నటనా ఇచ్చే కళాకారులు 2024 జులై నుంచి పదకొండు నెలలు సమ్మె చేసి కృత్రిమ మేధ విషయంలో రక్షణలు సాధించుకున్నారు. కొనేవాళ్ల దయ చెయ్యలేని పని అది.

పైగా పూర్తి ధర పెట్టినా వస్తువు మనది కాదు. 2014లో వచ్చిన "ది క్రూ" అనే గేము సర్వర్లను యూబీసాఫ్ట్ 2024లో ఆపేస్తే, కొన్నవారందరి చేతిలో ఆట చచ్చిపోయింది. కాలిఫోర్నియాలో 2025 నుంచి దుకాణాలు తాము అమ్ముతున్నది అనుమతి మాత్రమేనని చెప్పి తీరాలని చట్టం వచ్చింది. నిర్మల్ బొమ్మను ఎవరూ వచ్చి అలమర్లోంచి తీసుకుపోరు.

ఇదంతా విని దొంగ కాపీయే విప్లవం అనే మిత్రులున్నారు. వారితో నేను ఏకీభవించను. దానివల్ల ఉత్పత్తి సంబంధం వెంట్రుకవాసి కదలదు. చిన్నవాడు ముందు దెబ్బతింటాడు. ఎరిక్ బరోన్ అనే ఆయన ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని బొమ్మలూ సంగీతమూ సమస్తమూ తానే సమకూర్చి 2016లో "స్టార్‌డ్యూ వ్యాలీ" విడుదల చేశాడు. అట్లాంటి గేము వస్తే నేను తగ్గింపు కోసం చూడను, మొదటి వారమే కొంటాను. తరవాతి పని చెయ్యగలడా లేదా అన్నది ఆ వారాల్లోనే తేలుతుంది. వేల కోట్ల కంపెనీ గేము దసరాకు రాకపోతే సంక్రాంతికి తగ్గుతుంది. అప్పుడు కొంటే నా మనస్సాక్షికి నొప్పి లేదు.

చిక్కు మధ్యలో వున్నది. ముప్ఫై మంది పనిచేసే స్టూడియో, బయటి పెట్టుబడి కొంత, యజమాని కూడా రాత్రింబవళ్లు పనిచేసేవాడే. అక్కడ నా దగ్గర సిద్ధంగా వున్న సూత్రం లేదు. చివర పేర్లు వచ్చేటప్పుడు చదువుతాను, పాత గేములో వున్నవారు కొత్తదానిలోనూ వున్నారా అని చూస్తాను. చాలామంది మిగిలి వుంటే పూర్తి ధరకు కొంటాను.