ఆదా అయిన నీరు ఎవరిది?

బిందు సేద్యం పరికరాలకు రాయితీ కోరే రైతు దరఖాస్తుతో ఏమేమి జతపరచాలో పల్లెల్లో ఉండే మనకు తెలిసినదే. పట్టాదారు పాసు పుస్తకం, ఆధార్ నకలు, బోరు వివరాలు, తన వాటా సొమ్ము. అన్నీ సిద్ధమైన తరువాత కాగితం అడుగున సంతకం చేస్తాడు, లేదా వేలిముద్ర వేస్తాడు. ఆ సంతకంతో అతడు పుచ్చుకునేది ఏమిటో ఊరందరికీ తెలుసు. మరి ఇచ్చేది ఏమైనా ఉన్నదా? ఈ వారం దాన్ని గురించి ఆలోచిద్దాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్య పథకం 2003లో మొదలైంది. 2015లో కేంద్ర ప్రభుత్వం తన సాగునీటి పథకంలో ‘ఒక్కో చుక్కకు మరింత పంట’ అనే భాగాన్ని చేర్చింది. కేంద్ర నిబంధనల ప్రకారం పరికరాల ఖర్చులో చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, ఇతరులకు 45 శాతం రాయితీ లభిస్తుంది. రాష్ట్రాలు దాని మీద తమ వంతు కలుపుతాయి. ఈ సొమ్ము ఆకాశం నుండి ఊడిపడినది కాదు. సెంటు భూమి లేని కూలి మనిషి అంగట్లో సరుకు కొన్నప్పుడు కట్టే పన్ను కూడా ఇందులో ఉంది.

కొందరు అభిమానవంతులు “సర్కారు ముందు చేయి చాచడం దేనికి?” అంటారు. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. నేల కింది నీరు పదిమందిదీ. దానిని కాపాడే పనిలో ఒక రైతు తన పొలాన్ని, శ్రమను పెడుతున్నప్పుడు, ఆ భారంలో పదిమందీ పాలుపంచుకోవడం న్యాయమే. కాని భారం పంచుకున్నవారికి ఫలంలో కూడా పాలు ఉండాలి కదా! చిక్కు ఇక్కడే వస్తుంది.

ఒక రైతును ఊహించుకుందాం. రెండెకరాల చీనీ తోట, ఒక బోరు. ఇంతకాలం కాలువలు తీసి నీరు పారించాడు. రాయితీతో డ్రిప్పు వేయించాడు. అదే తోటకు ఇప్పుడు తక్కువ నీరు చాలుతోంది. మిగిలిన నీటితో పక్కనున్న బీడు దున్ని రెండెకరాల టమాట వేశాడు. మోటారు మునుపటిలాగే కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతోంది. 2004 నుండి మన ప్రాంతంలో వ్యవసాయానికి కరెంటు ఉచితం కనుక దానిని ఆపమని బిల్లు కూడా హెచ్చరించదు. ఇతడు అబద్ధం చెప్పలేదు, దొంగ కాగితం పెట్టలేదు. అధికారి వచ్చి చూస్తే పైపులు పొలంలోనే ఉన్నాయి. అయినా, నీరు ఆదా అయిందా?

అతని పొలంలో అయింది. ఊరి నేల కింద కాలేదు. పైగా ఇంకొక సంగతి కూడా గమనించాలి. కాలువల్లో పారించినప్పుడు వృథా అనుకున్న నీటిలో కొంత భాగం తిరిగి భూమిలోకి ఇంకేది. డ్రిప్పుతో ఆ ఇంకుడు తగ్గుతుంది. సాగు రెట్టింపయితే పంట పీల్చే నీరు పెరుగుతుంది. రాయలసీమ వంటి రాతి నేలల్లో నీరు బండల పగుళ్ళలో నిలుస్తుంది. ఒక పగులులోని నీటిని రెండు మూడు బోర్లు పంచుకునే చోట్ల, ఒకరు ఎక్కువ తోడితే పక్కవారి బోరు గాలి కక్కుతుంది. స్థోమత ఉన్నవాడు ఇంకా లోతుకు వేయిస్తాడు. లేనివాడు పొలం వదిలి వలస పోతాడు. అతడు కట్టిన పన్ను కూడా ఆ రాయితీలో ఉన్నదని మరువరాదు.

“బోరు అప్పు ఎవరు తీరుస్తారు? రెండెకరాల చీనీతో ఇల్లు గడుస్తుందా?” అని ఆ రైతు అడిగితే మన దగ్గర జవాబు ఉందా? అతడి ప్రశ్న న్యాయమైనదే. మూడు బోర్లు వేసి రెండింట దుమ్ము చూసినవానికి ఆదా గురించి ఉపన్యాసం ఇవ్వడం సులభం. కనుక మిగిలిన ప్రతి చుక్కనూ నేలలోనే వదిలేయమని అతడిని శాసించే హక్కు మనకు లేదు. మొదట ఆ నీటితో తన తోటను ఎండాకాలం నుండి కాపాడుకోవడం అతడి ధర్మమే. ప్రశ్న ఆ తరువాతది. కొత్తగా మరొక ఎకరం దున్నే ముందు, పక్క బోరు రైతును అడగవలసిన బాధ్యత ఉన్నదా, లేదా? సొంత డబ్బుతో చేసినా ఆ బాధ్యత కొంత ఉంటుంది. పదిమంది డబ్బుతో చేసినప్పుడు అది రెట్టింపవుతుందని నా అభిప్రాయం.

ఇది జరగని పని అనుకోవద్దు. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను కొలుచుకునే పథకం ఒకటి 2000 తరువాతి దశాబ్దంలో నడిచింది. వాన ఎంత కురిసిందో, బావుల్లో నీటి మట్టం ఎంత ఉన్నదో రైతులే కొలిచి రాసుకునేవారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీటికి ఏ పంట ఎంత వేయవచ్చో లెక్క కట్టేవారు. ఎవరేమి వేయాలో ఎవరూ శాసించలేదు. నీరు పొదుపు చేసినందుకు నగదు ప్రోత్సాహమూ ఇవ్వలేదు. లెక్క కళ్ళముందు ఉన్నప్పుడు చాలామంది తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మారారు. అనంతపురం జిల్లాలో కొన్ని గ్రామాల రైతులు మరొక అడుగు ముందుకు వేశారు. బోరున్నవారూ లేనివారూ కలిసి పైపులు వేసుకుని, కొత్త బోర్లు వేయరాదని ఒప్పందం చేసుకుని, ఎండుతున్న వేరుశనగకు తడులు పంచుకున్నారు.

ప్రభుత్వం వైపు కూడా లోపం ఉంది. పైపు ఎన్ని మీటర్లు వేశారని కొలిచే అధికారి, బోరు ఎంత తోడుతున్నదని కొలవడం అరుదు. కొలవనిదానికి జవాబు చెప్పవలసిన పని లేదని మనిషి అనుకోవడం సహజం. అయితే అధికారి అడగనంత మాత్రాన పొరుగువానికి మనం చెప్పవలసిన జవాబు తప్పిపోదు.

రాయితీకి దరఖాస్తు పెట్టదలచిన సోదరులు తప్పక పెట్టండి. అది మీకు రావలసినదే. పరికరాలు బిగించిన రోజున మాత్రం, చుట్టుపక్కల బోర్లున్న నలుగురినీ, బోరు లేని ఒకరినైనా పొలానికి పిలవండి. మిగిలే నీటిని ఏమి చేద్దామని వారిని అడగండి. ఆ మాట రబీ విత్తనం చల్లకముందే జరగాలి.